తిప్పి పంపిన రెండో ఫిర్యాదు

ఈ మధ్యే ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఎక్కడైనా కలిస్తే, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది?" అని అడుగుతారు. ఏ పేరుమోసిన బిల్డర్ మీదో వచ్చిన తీర్పు గురించి చెబుతానని వాళ్ల ఆశ. నాకు ముందుగా గుర్తొచ్చేది మాత్రం నేను తిప్పి పంపిన ఒక ఫిర్యాదు. తప్పు నాదే. అయినా ఆ సంగతి చెప్పేటప్పుడు నా గొంతులో సిగ్గు కన్నా గర్వమే ఎక్కువ వినిపిస్తుందని మా ఇంట్లోవాళ్లు ఎగతాళి చేస్తారు. విని మీరే తేల్చండి.

నేను వినియోగదారుల కమిషన్ రిజిస్ట్రీలో పనిచేసి రిటైరయ్యాను. చివరి ఆరేళ్లు సూపరింటెండెంట్‌ని. వచ్చిన ప్రతి ఫిర్యాదూ బెంచి ముందుకు వెళ్లేలోపు నా బల్ల మీదుగా వెళ్లాలి. సంతకాలున్నాయా, బిల్లులు జతచేశారా, గడువు దాటిందా అని చూసి, లోపముంటే అభ్యంతరం రాసి తిప్పి పంపడం నా పని. మాది తణుకు దగ్గరి పల్లె. మావారి ఉద్యోగం వల్ల శేరిలింగంపల్లిలో స్థిరపడ్డాం. పనిలో నాకొక పట్టింపు ఉండేది. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి నా బల్ల ఖాళీగా కనిపించాలి. ఆ ఖాళీ బల్లను చూసుకుని చాలా ఏళ్లు మురిసిపోయాను. కాగితం బెంచి ముందుకు వెళ్లినా, గుమ్మం బయటికి వెళ్లినా బల్ల ఒకేలా ఖాళీ అవుతుందని ఎప్పుడూ ఆలోచించలేదు.

ఇంకో ఏడాదిలో రిటైరవుతాననగా ఎలక్ట్రిక్ స్కూటర్ల కంపెనీ మీద ఒక ఫిర్యాదు వచ్చింది. కొండాపూర్, గచ్చిబౌలి, మాదాపూర్ అంతా ఆ స్కూటర్లే తిరిగేవి. కొన్నింటి బ్యాటరీలు వేడెక్కుతున్నాయని కంపెనీ అన్ని స్కూటర్లకూ ఫోన్ ద్వారానే ఏదో సాఫ్ట్‌వేర్ మార్పు పంపింది. ఆ మార్పు తర్వాత బండి పూర్తిగా ఛార్జ్ చేసినా సగం దూరం కూడా పోవడం లేదు. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ మధ్యలో ఆగిపోతోంది.

ఫిర్యాదు వేసింది ఒకే అపార్ట్‌మెంట్ సముదాయంలో ఉండే ఆరుగురు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఆ బండ్లు వెనక్కి తీసుకుని కొత్తవి ఇప్పించాలని, తమ కోసమే కాదు, ఆ స్కూటర్ కొన్న అందరి తరఫునా వేశారు. చట్టంలో అలాంటి వెసులుబాటు ఉంది. ఒకే కంపెనీ వల్ల ఒకే రకంగా నష్టపోయిన వందలమంది విడివిడిగా రాకుండా, కొందరు అందరి కోసం నిలబడవచ్చు. దానికి కమిషన్ అనుమతి కావాలి. అనుమతి ఇచ్చాక, మిగతావాళ్లకు తెలిసేలా బహిరంగ ప్రకటన వేయాలి. ఎందుకంటే చివరికి వచ్చే తీర్పు గానీ, కుదిరే రాజీ గానీ రానివాళ్లకు కూడా వర్తిస్తుంది. వాళ్లకు తెలియకుండా వాళ్ల సంగతి తేలిపోకూడదు.

ఆ ఆరుగురికీ ముందుండి నడిపించినాయన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగి. నలభై ఏళ్ల మనిషి, మా వైపువారే, మాటకు ముందు 'అండి', తర్వాత 'అండి'. ఫైలు ఎంత చక్కగా తెచ్చాడంటే, విషయసూచిక, ప్రతి పేజీకీ నంబరు, రంగు చీటీలు! వెతికినా ఒక్క అభ్యంతరం దొరకలేదు. మూడు రోజుల్లో ఫైలు బెంచి ముందు ఉంది. అనుమతి వచ్చింది.

ప్రకటన ముసాయిదా తయారుచేసింది నేనే. ఒక ఇంగ్లీషు దినపత్రికలో వేస్తే చాలని రాశాను. మా ఆఫీసులో పాత అటెండర్ ఒకాయన ఉండేవారు. జనగామ వైపు మనిషి, దాదాపు నా వయసే. ఆ ముసాయిదాను సంతకానికి తీసుకెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు.

"ఇంగ్లీష్ పేపర్ల ఒక్కదాంట్లనే ఏస్తున్రా మేడం? మా బస్తీల గా పేపర్ ఎవలింటికీ రాదు."

"మీ బస్తీ వాళ్లకెందుకండీ? ఆ స్కూటర్లు కొన్నదంతా ఐటీ వాళ్లే కదా" అన్నాను, తల ఎత్తకుండానే.

ఆయన ముసాయిదా తీసుకుని వెళ్లిపోయారు. ఆయన బస్తీలోనే ఆ స్కూటర్లు పదకొండు ఉన్నాయని తర్వాత తెలిసింది. నేను అడిగితే అప్పుడే చెప్పేవారు.

ప్రకటన పడిన నెలరోజులకు ఒక ఆమె కౌంటర్ దగ్గరికొచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయి. చుడీదార్ మీద డెలివరీ కంపెనీ టీషర్టు, చేతిలో హెల్మెట్. నారాయణపేట వైపు నుంచి వచ్చి బాలానగర్‌లో ఒక కార్ఖానాలో ప్యాకింగ్ పని చేసేదట. అది మూతపడ్డాక వాయిదాల మీద ఈ స్కూటర్ కొని, ఆఫీసులకు భోజనాలు చేరవేసే పనిలో చేరింది. తెల్ల కాగితాల మీద తెలుగులో చేత్తో రాసిన ఫిర్యాదు తెచ్చింది. కింద నలభై మూడు సంతకాలు, వాటిలో కొన్ని వేలిముద్రలు. జతగా ఒక స్కూలు నోటుబుక్కు. అందులో బండి ఎక్కడెక్కడ ఆగిందో రోజువారీగా రాసుకుంది. 'ఖాజాగూడ చెరువు దాటినంక బండల కాడ. బయో డైవర్సిటీ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే. మళ్ల బండల కాడ.'

చదవబోయి, పై వరుసలో కంపెనీ పేరు చూసి ఆగిపోయాను.

"ఏమ్మా, ఈ కంపెనీ మీద ఆల్రెడీ కేసు నడుస్తోంది. అందరి తరఫునా వేశారు. నువ్వు మళ్లీ వేయక్కర్లేదు."

"అందరి తరఫున అంటే ఎవలు మేడం? మమ్మల్ని ఎవలూ అడగలే."

"పేపర్లో ప్రకటన కూడా ఇచ్చాం."

"ఏ పేపర్ల?"

నేను కలం తీశాను. ఎర్ర సిరాతో ఒక్క వాక్యం రాశాను: 'ఇదే విషయమై ఫిర్యాదు విచారణలో ఉన్నందున ఇది నిలవదు.' కింద సంతకం పెట్టి, ముద్ర వేసి చేతిలో పెట్టాను. ఆమె ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. "జర పెద్దసార్‌కు సూపియ్యరాదు మేడం?" అంది. అక్కర్లేదన్నాను. అప్పుడు సమయం ఒంటిగంట దాటింది. నా బల్ల ఖాళీ అయింది.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. రెండో ఫిర్యాదు నిలుస్తుందో నిలవదో తేల్చే అధికారం నాకు లేదు. అది బెంచి పని. నా పని దాన్ని బెంచికి చేర్చడం. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషికి ఈ సంగతి తెలియక కాదు. ఆ అనుభవమే, ఇంత చిన్నదానికి సార్లను ఇబ్బంది పెట్టడమెందుకని నా చేత అనిపించింది.

నాలుగు నెలలు గడిచాయి. కంపెనీ రాజీకి వచ్చింది. షరతు బాగానే కనిపించింది. కొన్నవాళ్లంతా స్కూటర్లను కంపెనీకి అప్పగించాలి. ఆరు నెలల్లో కొత్త మోడల్ వస్తుంది, వాటి బదులు అవి ఇస్తారు. ఆరుగురూ సరేనన్నారు. రాజీని కమిషన్ నమోదు చేసేముందు, ప్రకటన ఇచ్చామా, అభ్యంతరాలు వచ్చాయా అని రిజిస్ట్రీ నోట్ పెట్టాలి. పెట్టాను. 'ప్రకటన వెలువడినది. అభ్యంతరములు ఏవియు అందలేదు.'

విచారణ రోజు పొద్దున ఆఫీసు మెట్లెక్కుతుంటే వరండా అంతా హెల్మెట్లు పట్టుకున్న జనం. పాతికమంది దాకా ఉన్నారు. వాళ్ల ముందు ఆమె. సర్వీస్ సెంటర్లో ఎవరో, 'కోర్టుల రాజీ అయిపోయింది, బండ్లు తెచ్చి అప్పగించుండ్రి' అన్నారట. విని పరుగెత్తుకొచ్చారు. అటెండర్ వాళ్లకు మంచినీళ్లు ఇస్తున్నారు.

నన్ను చూడగానే ఆమె ముందుకొచ్చింది. కోపంగా ఏమీ లేదు.

"మేడం, బండి ఇచ్చేస్తే ఆర్నెల్లు మేమేం జేయాలె?"

"కొత్త బండి వస్తుంది కదమ్మా."

"వచ్చేదాంక? పొద్దుగాల లేస్తే గా బండి మీదనే మా బతుకు. సగం దూరమన్న పోతది, మధ్యల ఆపి ఛార్జింగ్ పెట్టుకుంటున్నం. అది గూడ గుంజుకుంటే ఎట్ల? మాకు కొత్త బండి వద్దు మేడం. ఉన్నదాన్ని మంచిగ జేసి ఇయ్యమనుండ్రి. గిదే నేను రాసుకొచ్చిన కాగితంల ఉండె."

నేను ఆ కాగితం చదవలేదు. పై వరుస తప్ప ఏమీ చదవలేదు. ఆమె చేతిలోంచి తీసుకుని వరండాలోనే నిలబడి చదివాను. రెండో పేజీలో స్పష్టంగా ఉంది: 'బండి వాపసు తీసుకోవద్దు, బ్యాటరీ మార్చాలి.' ఫిర్యాదు అదే, కంపెనీ అదే, లోపం అదే. అడిగేది మాత్రం వేరు. మొదటివాళ్లకు పనికొచ్చే పరిష్కారమే వీళ్లకు దెబ్బ. ఆ రెండు పేజీల మొదట్లో నా ఎర్ర సిరా.

బెంచి కూర్చోవడానికి ఇంకా అరగంట ఉంది. వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, ఆ అరగంటలో నాకు మొదట గుర్తొచ్చింది వాళ్ల కష్టం కాదు, నా పింఛను. మెమో వస్తుంది, విచారణ అంటారు, రిటైరయ్యే ముందు సర్వీసు పుస్తకంలో మచ్చ. ఎవరికీ తెలియదు కదా అనిపించింది. ఆమె దగ్గర లాయరు లేడు. ఆ కాగితాన్ని బెంచి ఎదుట పెట్టే దారి ఆమెకు తెలియదు. నేను ఊరుకుంటే చాలు.

కేసు పిలిచారు. మా అధ్యక్షులు జిల్లా జడ్జిగా చేసి వచ్చినవారు, తక్కువ మాట్లాడతారు. రాజీ పత్రం చదివి, "మిగతా కొనుగోలుదారులకు తెలుసా?" అని అడిగారు.

కంపెనీ లాయరు లేచారు. "ప్రకటన వేశాం సర్. ఒక్క అభ్యంతరమూ రాలేదు. రిజిస్ట్రీ నోట్ ఫైల్లో ఉంది."

అధ్యక్షులు నోట్ తిరగేసి, సంతకం చేయడానికి కలం తీశారు. నేను బెంచి కింద, పక్కగా వేసిన కుర్చీలో ఉన్నాను. ఎలా లేచానో తెలియదు.

"సర్, ఆ నోట్ తప్పు."

కంపెనీ లాయరు నా వైపు తిరిగి చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కుర్చీయే మాట్లాడిందనుకున్నారేమో.

"అభ్యంతరం వచ్చింది సర్. నలభై మూడు మంది సంతకాలతో వచ్చింది. మీ ముందు పెట్టకుండా నేనే తిప్పి పంపాను. ప్రకటన కూడా ఇంగ్లీషు పత్రికలో ఒక్కదాంట్లోనే వేయించాను. వాళ్లకు తెలిసే దారి లేదు. వాళ్లు బయట ఉన్నారు."

అధ్యక్షులు కలానికి మూత పెట్టి, "పిలవండి" అన్నారు. అటెండర్ ఆ తలుపు తెరిచినంత హుషారుగా ఏ తలుపూ తెరవగా నేను చూడలేదు.

ఆమె హెల్మెట్ చంకలో పెట్టుకుని లోపలికొచ్చింది. అధ్యక్షులు ఆ కాగితాలు చివరిదాకా చదివారు, నోటుబుక్కు కూడా.

"రాజీ మీకెందుకు వద్దు?"

"సార్, బండి ఇస్తే వాళ్లకు కారు ఉంటది. నాకు కాళ్లే ఉంటయి."

హాల్లో ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. కంపెనీ లాయరు రెండు మాటలు అన్నారు. అందరి తరఫునా ఒక ఫిర్యాదుకు అనుమతి ఇచ్చాక రెండోది చెల్లదు. పైగా వీళ్లు బండి మీద సంపాదించుకుంటున్నారు కాబట్టి వ్యాపారులే తప్ప వినియోగదారులు కారు.

"స్వయంగా నడుపుకుని పొట్టపోసుకునేవాళ్లను వినియోగదారులుగానే చట్టం చూస్తుంది. అది పక్కన పెట్టండి" అన్నారు అధ్యక్షులు. తర్వాత మొదటి ఫిర్యాదు వేసినాయనను అడిగారు. "అందరి తరఫునా అని సంతకం చేశారు. వీళ్ల సంగతి మీకు తెలుసా?"

ఆయన లేచి నిలబడ్డాడు. ఒప్పుకోకుండా తప్పించుకోవచ్చు. తప్పించుకోలేదు.

"తెలియదండి. అందరూ అంటే మా అపార్ట్‌మెంటు వాళ్లు, ఆఫీసు వాళ్లే నా మనసులో ఉన్నారండి. రోజూ మధ్యాహ్నం నాకు భోజనం తెచ్చేది కూడా ఇలాంటి బండి మీదేనండి. ఎప్పుడూ తట్టలేదు."

అధ్యక్షులు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పించారు. స్టెనో రాసుకుంటుంటే నేను విన్నది ఇది: ఒకే విషయం మీద రెండు ఫిర్యాదులు పక్కపక్కన నడవవు, కంపెనీని రెండు చోట్ల నిలబెట్టడం సబబు కాదు. అలాగని ముందు వచ్చినంత మాత్రాన మొదటివాళ్లే అందరికీ ప్రతినిధులు అయిపోరు. ఎవరి తరఫున నిలబడ్డారో వాళ్ల అవసరం తమ అవసరం ఒకటే కావాలి. అవసరాలు వేరైన చోట కంపెనీ తనకు తేలికైన వాళ్లతో రాజీ చేసుకుని మిగతావాళ్ల నోరు మూయించే ప్రమాదం ఉంది. కాబట్టి రెండో ఫిర్యాదును మొదటిదానిలో చేరేందుకు దరఖాస్తుగా తీసుకుంటున్నాం. కేసు ఒకటే, ప్రతినిధులు ఇద్దరు. రాజీ నమోదు కాదు. తెలుగులో, ఉర్దూలో కొత్త ప్రకటన వేయాలి, సర్వీస్ సెంటర్ల గోడల మీద కూడా అంటించాలి.

బయట వరండాలో ఆమె నా దగ్గరికొచ్చి, "మరి ఇగ బండ్లు ఇయ్యనక్కర లేదా మేడం?" అని అడిగింది. అక్కర్లేదన్నాను. "మీరు కూర్చోండి, నేను కాపీ ఇప్పిస్తాను" అన్నాను. అంతకుముందు కౌంటర్ దగ్గర ఆమెను కూర్చోమనలేదు, మీరు అని కూడా అనలేదు.

తర్వాత కేసు మలుపు తిరగడానికి కారణం నేను కాదు, ఆ ఇద్దరు ప్రతినిధులు. మొదట్లో ఒకరి పక్కన ఒకరు కూర్చోవడానికే ఇబ్బంది పడ్డారు. ఆయన ఇంగ్లీషు ఆమెకు అర్థమయ్యేది కాదు, ఆమె యాస ఆయనకు సరిగా అందేది కాదు. కానీ తప్పులు పట్టడం ఆయన వృత్తి, ఆమె నోటుబుక్కు ఆయనకు నిధిలా దొరికింది. మిగతా డెలివరీ వాళ్ల దగ్గర కూడా బండ్లు ఆగిన చోట్లు, రోజులు సేకరించి, కంపెనీ మార్పు పంపిన రోజుతో సరిచూసి పట్టిక కట్టాడు. ఆ మార్పుకు ముందు ఏ బండీ అలా ఆగలేదని, వేడెక్కే బ్యాటరీ మారిస్తే ఆ మార్పు తీసేసి బండిని మామూలుగా నడపవచ్చని దానితో తేలిపోయింది. కంపెనీ దిగొచ్చింది. కావలసినవాళ్లు కొత్త మోడల్ కోసం ఆగవచ్చు. వద్దన్నవాళ్లకు సర్వీస్ సెంటర్లో కూర్చోబెట్టి అదే పూట బ్యాటరీ మార్చి ఇవ్వాలి. ఆ రాజీని అందరికీ తెలిపి, అభ్యంతరాలు విని, అప్పుడు నమోదు చేశారు. సంతకాలు పెట్టేటప్పుడు ఆయన కలం ఆమెకిచ్చి, "ముందు మీరు పెట్టండి" అన్నాడు.

మెమో నాకు వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది? వివరణ ఒక పేజీలో రాశాను. పని ఒత్తిడి అనలేదు, సిబ్బంది కొరత అనలేదు. చదవకుండా తిప్పి పంపాను అని రాశాను. అధ్యక్షులు ఛాంబర్‌కు పిలిచారు. "ముప్పై ఏళ్లుగా వివరణలు చదువుతున్నాను. సాకు లేనిది ఇదే మొదటిది" అని, ఇకపై జాగ్రత్తగా ఉండమని రాసి ఫైలు మూసేశారు. సర్వీసు పుస్తకంలో ఆ వాక్యం ఇప్పటికీ ఉంది. ఉండనివ్వండి.

ఇదంతా ముగియకముందు జరిగిన ఒక చిన్న సంగతి మిగిలింది. కొత్త ప్రకటన రాసే పని అధ్యక్షులు మళ్లీ నాకే అప్పగించారు. 'ఇందుమూలముగా తెలియజేయడమేమనగా' అని మొదలుపెట్టి రాసుకుపోయాను. ఈసారి అటెండర్‌ను ఎదురుగా కూర్చోబెట్టి చదివి వినిపించాను.

"సమజ్ గాలే మేడం" అన్నారు.

తిరగరాశాను. "జర సమజైంది. మధ్యల పోయింది." మళ్లీ రాశాను. మూడోసారి ఆయన తల ఊపారు. అది ఇలా మొదలైంది: 'మీ దగ్గర ఈ కంపెనీ స్కూటర్ ఉందా? అది మధ్యదారిలో ఆగిపోతోందా? అయితే ఈ కేసు మీది కూడా. మీకేం కావాలో వచ్చి చెప్పవచ్చు.' కమిషన్ ప్రకటన ఇలా ఉండకూడదని నాకు భయం. అధ్యక్షులు ఒక్క అక్షరం మార్చలేదు.

రెండో శనివారం సెలవునాడు, నిజంగా అంటించారో లేదోనని బాలానగర్ సర్వీస్ సెంటర్‌కు నేనే వెళ్లాను. గోడ మీద ఉంది. దాని ముందు ఇద్దరు డెలివరీ మనుషులు నిలబడ్డారు. ఒకాయన వేలు పెట్టి పైకి చదువుతుంటే, రెండో ఆయన చేతులు కట్టుకుని వింటున్నాడు. చివరిదాకా విన్నాక, "గిది మన గురించేనే!" అన్నాడు.

"మనదే. ఎవలు రాసిండ్రో గని సాఫ్‌గ రాసిండ్రు" అన్నాడు చదివినాయన.

నేను రాశానని చెప్పలేదు. కానీ చెప్పాలని ఎంత అనిపించిందో, పక్కనే ఉన్న టీ కొట్టు దగ్గర నిలబడి, వాళ్లు ఇంకోసారి చదివేదాకా కదల్లేదు.